పర్లాకిమిడి డాబా మీద ‘ఆదిత్య 369’: చిన్నప్పటి సినిమాను ఈసారి పూర్తిగా చూడాలంటే

కాలయంత్రంలో 1526 నాటి కృష్ణదేవరాయల కొలువుకూ, 2504కూ వెళ్లే కథతో 1991లో వచ్చిన సినిమా ‘ఆదిత్య 369’ని ఇన్నేళ్లకు మళ్లీ పెట్టుకున్నవాళ్లు పావుగంటలోనే ‘అప్పట్లో ఇంకా బాగుండేది కదా’ అంటుంటారు. ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, కాశీనగరం, రాయగడ వైపు ఈ మాట మరీ ఎక్కువ. ఇక్కడ చాలా ఇళ్లలో ఈ సినిమా మొదట పరిచయమైంది హాల్లో కాదు. పాతపట్నం నుంచో టెక్కలి నుంచో అద్దెకు తెచ్చిన క్యాసెట్టు మీద, ఆ తర్వాత 1995లో మొదలైన జెమినీ, ఈటీవీల్లో. ఆ బొమ్మ వేరు, ఇప్పుడు ఫోన్లో ఎవరో ఎక్కించిన ముక్క వేరు. సింగీతం శ్రీనివాసరావు తీసిన బొమ్మ ఈ రెంటికంటే వెడల్పైనది. దాన్ని ఇంట్లో దక్కించుకోవడానికి కావలసిన సరంజామా అంతా కింద ఉంది. సగం పని సినిమా మొదలుకాకముందే అయిపోవాలి.

ఏ కాపీ

ఆ రోజుల తెలుగు సినిమాలు చాలావరకు స్కోపులో తీసినవే. అంటే ఎత్తు ఒక వంతైతే వెడల్పు 2.35 వంతులు. పాత డబ్బా టీవీ తెర 4:3, అంటే వెడల్పు 1.33 వంతులే. స్కోపు బొమ్మతో ఆ తెరను నిండుగా నింపాలంటే రెండు పక్కలా కలిపి నూటికి 43 వంతులు కోసెయ్యాలి. ఎదురెదురుగా నిలబడి మాట్లాడుకునే ఇద్దరిలో ఒకరి ముక్కు మాత్రమే కనిపించిన సీన్లు గుర్తున్నాయా? అదే కారణం.

రెండో తేడా వేగంలో. సినిమా రీలు సెకనుకు 24 ఫ్రేములు. మన టీవీ, క్యాసెట్టు పద్ధతి సెకనుకు 25. మార్చేటప్పుడు మామూలుగా 24ని 25గా పరిగెత్తించేసేవారు. అలా చేస్తే సినిమా నూటికి నాలుగు వంతులు తొందరగా అయిపోతుంది. 141 నిమిషాల సినిమా 135 నిమిషాలకు దిగుతుంది. పాటల శ్రుతి కూడా అరస్వరం కంటే కొంచెం తక్కువగా పైకి లేస్తుంది. ఇళయరాజా పాటలు టీవీలో విని పెరిగినవాళ్లకు అసలు కాపీలో అవే పాటలు కాస్త బరువుగా, నెమ్మదిగా అనిపిస్తే కంగారు పడొద్దు. సరైన శ్రుతి అదే. రెండు పాటలు అయ్యేసరికి చెవి సర్దుకుంటుంది.

2025 ఏప్రిల్ 4న ఈ సినిమా 4కె బొమ్మతో, ఆరు ఛానెళ్ల 5.1 శబ్దంతో మళ్లీ హాళ్లలోకి వచ్చింది. ఆ కొత్త ముద్రణ నుంచి వచ్చిన అధికారిక కాపీ దొరికితే ఇక వేరేది వెతకొద్దు. అది దొరక్కపోతే డీవీడీ, అదీ లేకపోతే వీసీడీ.

డీవీడీలో బొమ్మ 720 బై 576 చుక్కలు. పాత డీవీడీలు కొన్ని పైన కింద నల్ల పట్టీలతో 4:3 చట్రంలో ముద్రించినవి. వాటిని ఇప్పటి వెడల్పు టీవీలో వేస్తే నాలుగు వైపులా నలుపు చేరి, బొమ్మ మధ్యలో పోస్టుకార్డులా కూర్చుంటుంది. అప్పుడు చాలామంది టీవీ రిమోట్లో ‘వైడ్’ నొక్కేస్తారు. మనుషులంతా పొట్టిగా, లావుగా అయిపోతారు. లాప్‌టాప్‌లో వీఎల్‌సీ అనే ఉచిత ప్లేయరు పెట్టి ‘సి’ మీట నొక్కుతూ పోతే అది అంచులు కత్తిరించుకుంటూ వెళ్తుంది, మొహాలు సాగవు. ‘ఎ’ మీట ఆకారాన్నే మారుస్తుంది కాబట్టి దాని జోలికి వెళ్లకండి. గుండ్రటి గడియారమో బండి చక్రమో కనబడిన చోట ఆపి చూడండి. అది గుండ్రంగా ఉంటే అంతా సరిగ్గా ఉన్నట్టే.

వీసీడీ బొమ్మ 352 బై 288, అంటే డీవీడీలో పావు వంతు. ఒక్కో డిస్కు 74 నుంచి 80 నిమిషాలు పడుతుంది కాబట్టి ఈ సినిమా రెండు డిస్కులకు తక్కువ రాదు. గీతలు పడ్డ డిస్కును నేరుగా నడపకుండా ముందు లాప్‌టాప్‌లోకి కాపీ చేసుకోండి. కాపీ ఎక్కడ ఆగుతుందో అక్కడే బొమ్మ కూడా ఆగుతుంది, పదిమంది ముందు పరువు పోకుండా ముందే తెలిసిపోతుంది. తుడిచేటప్పుడు మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచుకు తిన్నగా తుడవాలి, గుండ్రంగా కాదు. టూత్‌పేస్టు రుద్దితే గీతలు పోతాయన్న ఇంటి వైద్యం నడుస్తున్న డిస్కును కూడా పాడుచేస్తుంది.

ఇక అటక మీద క్యాసెట్టు ఉన్నవాళ్ల సంగతి. వంశధార, మహేంద్రతనయ గట్ల మీది ఊళ్లలో గాలిలో చెమ్మ ఎక్కువ. క్యాసెట్టు మీది చిన్న కిటికీ లోంచి చూస్తే టేపు చుట్ట అంచున తెల్లగా బూజు కనిపిస్తుంది. దాన్ని అలాగే వీసీఆర్‌లో పెడితే బూజు హెడ్ల మీదికి పాకి, ఆ తర్వాత పెట్టిన ప్రతి క్యాసెట్టుకూ అంటుకుంటుంది. బూజు లేని క్యాసెట్టునైనా గాలి చొరబడని స్టీలు డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో మూడు రోజులు ఉంచి, ముందుకీ వెనక్కీ ఒకసారి పూర్తిగా తిప్పాకే నడపాలి. వీసీఆర్ నుంచి పసుపు, ఎరుపు, తెలుపు తీగలు యూఎస్‌బీ క్యాప్చర్ కార్డుకు కలిపి, 720 బై 576లో రికార్డు చేసుకోవాలి. తర్వాత హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేరులో డీఇంటర్లేస్ (ఒక్కో ఫ్రేములోని రెండు సగాలను సర్ది కలిపే సదుపాయం) పెట్టకపోతే, కదిలే మనిషి అంచులు దువ్వెన పళ్లలా చీలి కనిపిస్తాయి.

ఇంత శ్రమ సినిమా కోసమైతే అక్కర్లేదు, సినిమా ఇంతకంటే వందరెట్లు బాగా ఉన్న కాపీలో ఉంది. కేబుల్ నుంచి ఇంట్లోనే ఎక్కించుకున్న క్యాసెట్టైతే మాత్రం మధ్యలో వచ్చిన ప్రకటనలు, కేబులాయన వేసిన ఊరి పట్టీల కోసం తప్పకుండా దాచండి. అవి ఇంకెక్కడా దొరకవు.

టీవీలోనే చూస్తే

కొత్త టీవీలు బొమ్మను ‘అందంగా’ చూపించాలని చాలా పనులు పెట్టుకుంటాయి. పాత సినిమాకు అవన్నీ శత్రువులే. ముందు ఆపాల్సింది కదలికను నున్నగా చేసే సదుపాయం. ఎల్‌జీలో దాని పేరు ట్రూమోషన్, సోనీలో మోషన్‌ఫ్లో, సామ్‌సంగ్‌లో ఆటో మోషన్ ప్లస్ లేదా పిక్చర్ క్లారిటీ. అది లేని ఫ్రేములను పుట్టించి మధ్యలో ఇరికిస్తుంది. దానితో రాయల కొలువు కూడా సాయంత్రం సీరియల్ సెట్టులా తయారవుతుంది. పిక్చర్ మోడ్ ‘సినిమా’ గానీ ‘ఫిల్మ్‌మేకర్’ గానీ పెట్టండి. షార్ప్‌నెస్ దాదాపు సున్నాకు దించండి. నాయిస్ రిడక్షన్ తీసెయ్యండి, లేకపోతే రీలు మీది సన్నటి గింజ (గ్రెయిన్)తో పాటు మొహాల మీది చర్మం కూడా చెరిగిపోయి మైనం బొమ్మల్లా ఉంటారు.

రంగులతో ఎక్కువ ఆడొద్దు. ఈ సినిమాకు ముగ్గురు ఛాయాగ్రాహకులు. వర్తమానం పీసీ శ్రీరామ్, రాయల కాలం వీఎస్‌ఆర్ స్వామి, భవిష్యత్తు కబీర్ లాల్. మూడు కాలాలకూ వెలుగు తీరు వేరు. మొదటి అరగంట చూసి మొహాలకు సరిపోయేలా రంగు మార్చేస్తే, 1526కి వెళ్లేసరికి బంగారం ఇత్తడవుతుంది, 2504కి వెళ్లేసరికి ఇంకేదో అవుతుంది. ‘వార్మ్’ పెట్టి వదిలెయ్యడం మేలు.

43 అంగుళాల టీవీలో స్కోపు బొమ్మ ఎత్తు 40 సెంటీమీటర్లే. మంచి కాపీ అయితే ఐదారు అడుగుల దూరంలో కూర్చోవచ్చు. డీవీడీ అయితే పది అడుగులు వెనక్కి జరగండి, లోపాలు కళ్లు కలుపుకుపోతాయి. వీసీడీకి మేడ మీద నుంచి చూసినా ఫరవాలేదు.

డాబా మీద తెర

అయిదారుగురి కంటే ఎక్కువైతే, పైగా ఎండాకాలమైతే, డాబాయే సరి. ఇంటిల్లిపాదీ, చుట్టాలూ చూసుకోవడం వరకే ఇది. వీధి మొగలో తెర కట్టి ఊరందరినీ పిలిస్తే, చందాలు పోగుచేస్తే, అది బహిరంగ ప్రదర్శన. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం హక్కుదారుల అనుమతి కావాలి, టిక్కెట్టు లేదన్నంత మాత్రాన మినహాయింపు రాదు.

ప్రొజెక్టరు కొనేటప్పుడైనా, బరంపురం నుంచి అద్దెకు తెచ్చేటప్పుడైనా అట్టపెట్టె మీది ‘9000 ల్యూమెన్లు’ చూసి మోసపోవద్దు. అడగాల్సింది ఆన్సీ ల్యూమెన్లు, అంటే తెర మీద కొలిచిన అసలు వెలుగు. ఆ తొమ్మిది వేల చవక పెట్టెలో అవి చాలాసార్లు రెండు మూడు వందలే ఉంటాయి. లెక్క తేలిక. తెర వైశాల్యం చదరపు అడుగుల్లో వేసి, దానితో ఆన్సీ ల్యూమెన్లను భాగించండి. 14, 16 వస్తే హాలు వెలుగు. 10 వస్తే కటిక చీకట్లో సరిపోతుంది. 7కి దిగితే రాత్రి సీన్లన్నీ బొగ్గు. ఆరడుగుల వెడల్పు తెర ఎత్తు 3.4 అడుగులు, వైశాల్యం 20 చదరపు అడుగులు; 250 ఆన్సీకి 12 పైచిలుకు వస్తుంది, బాగుంది. అదే పెట్టెతో ఎనిమిదడుగుల తెర మీద వేస్తే వైశాల్యం 36కు పెరిగి వెలుగు 7కు పడిపోతుంది. పదడుగుల తెర కావాలంటే 800 ఆన్సీ ఉండాలి. తెర పెద్దదైతే గొప్ప అనుకుని బొమ్మను చీకటి చేసుకోవడం డాబా ప్రదర్శనల్లో అన్నిటికంటే ఎక్కువగా జరిగే తప్పు.

దూరానికి ప్రొజెక్టరు పుస్తకంలో ‘త్రో రేషియో’ చూడండి. 1.4 అని ఉంటే ఆరడుగుల తెరకు 6 × 1.4, అంటే ఎనిమిదిన్నర అడుగుల దూరం. మూలగా పెట్టి ‘కీస్టోన్’తో సరిచేసుకోవచ్చని అందరూ అంటారు. అది బొమ్మను కుదించి చేసే సర్దుబాటు, పదును పోతుంది. బల్ల కింద రెండు ఇటుకలు పెట్టి తెర మధ్యకు ఎదురుగా నిలబెట్టడమే మంచిది.

తెరకు ఇంట్లో దుప్పటి వద్దు. వెనక దీపం వెలిగితే అవతలివి కనిపిస్తాయి, అంటే వెలుగు సగం అటే పోతోందన్నమాట. దళసరి తెల్ల లాంగ్‌క్లాత్ రెండు పొరలు కుట్టించండి. కుట్టు అడ్డంగా అడుగున రావాలి, నిలువుగా మధ్యలో వస్తే సినిమా అంతా కథానాయకుడి మొహం మీద గీత. ఫ్లెక్సీ బ్యానరు వెనక వైపు తెల్లగా, మెరుపు లేకుండా ఉంటే అదీ పనికొస్తుంది. మెరిసే వైపు వాడితే నడుమ ఒక తెల్ల మచ్చ వెలుగుతుంది. చుట్టూ నాలుగంగుళాల నల్లగుడ్డ అంచు కుట్టిస్తే, ఖర్చు తక్కువే గానీ బొమ్మ ఒక్కసారిగా లేచి నిలబడినట్టుంటుంది.

కట్టడానికి నాలుగు వెదురు బొంగులు. గుడ్డకు అడుగుకొక ఐలెట్ కొట్టించి, తాడుతో కాకుండా పాత సైకిల్ ట్యూబు ముక్కలతో బొంగుకు బిగించండి. గాలి కొట్టినప్పుడు రబ్బరు సాగి మళ్లీ లాక్కుంటుంది. తాడైతే ఐలెట్ దగ్గర గుడ్డ చిరుగుతుంది. ఏప్రిల్, మే సాయంత్రాల్లో కాలబైశాఖి గాలివాన ఎటు నుంచి వస్తుందో చెప్పి రాదు. పడమట మబ్బు నల్లబడి, చల్లగాలి ఒక్క విసురు తగిలిందంటే ముందు ప్రొజెక్టరు లోపలికి, తర్వాత తెర, ఆ తర్వాతే చాపలు.

వానాకాలంలో ఇంకో ఉపద్రవం దీపప్పురుగులు. ప్రొజెక్టరు కిరణమే వాటికి పండగ. కటకం మీద వాలిన ఒక్క పురుగు తెర మీద పిల్లి అంత ఉంటుంది. డాబాకు అవతల మూల ఇరవై ముప్ఫై అడుగుల దూరంలో, తెర మీద వెలుగు పడకుండా గోడ చాటున ఒక తెల్ల బల్బు వేలాడదీయండి. చాలావరకు అటు పోతాయి.

శబ్దం

ఆ కాలపు సినిమా శబ్దం చాలావరకు మోనో. అంటే ఒక్క స్పీకరు తెర కింద నడుమ పెడితే చాలు. రెండు చెరొక మూలా పెడితే తెర మీద మనిషి ఇక్కడ, మాట అక్కడ. కొత్త 5.1 కాపీని రెండు స్పీకర్లలో వేస్తే పాటలు హోరుమని, మాటలు గొణుగుతున్నట్టు వస్తాయి. మాటలు నడిమి ఛానెల్లో ఉంటాయి కాబట్టి. వీఎల్‌సీ ఆడియో ఎఫెక్టుల్లో కంప్రెసర్ పెడితే ఈ తేడా తగ్గుతుంది. ఈ సినిమాకు మాటలు రాసింది జంధ్యాల, ఒక్క మాట జారినా హాస్యం జారిపోతుంది. అందుకే బిగ్గరగా వినబడటం కంటే స్పష్టంగా వినబడటం ముఖ్యం.

బ్లూటూత్ స్పీకరైతే శబ్దం పెదవుల కంటే సెకనులో ఐదో వంతు వరకు వెనకబడుతుంది. మూడున్నర మిల్లీమీటర్ల తీగ వాడితే ఆ బాధే లేదు. తీగ లేకపోతే వీఎల్‌సీలో ‘జె’ మీట మూడు నాలుగు సార్లు నొక్కండి, ఒక్కో నొక్కుకు 50 మిల్లీసెకన్లు ముందుకు వస్తుంది. ఎక్కువైతే ‘కె’. స్పీకరులో ‘గుయ్’మని రొద వస్తుంటే లాప్‌టాప్ ఛార్జరు, యాంప్లిఫయరు రెండూ ఒకే బోర్డులో పెట్టండి. ఎర్త్ పిన్ను విరగ్గొడితే రొద పోతుందనే సలహా ఎవరిచ్చినా వినొద్దు, షాక్ కొట్టేది అప్పుడే.

కరెంటు

150 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో కాగితం మీద 1800 వాట్ అవర్లు. సగం కంటే లోతుగా వాడితే బ్యాటరీ చెడుతుంది. ఇన్వర్టరు తినేది తీసేస్తే చేతికొచ్చేది 720 దాకా. ప్రొజెక్టరు 80, లాప్‌టాప్ 50, స్పీకరు 40, ఒక టేబుల్ ఫ్యాన్ 50, మొత్తం 220 వాట్లు. మూడు గంటల పైన వస్తుంది, సినిమా గట్టెక్కుతుంది. కింద గదుల్లో ఇంకో రెండు సీలింగ్ ఫ్యాన్లు తిరుగుతుంటే లెక్క 370కి పోయి రెండు గంటల్లోపే ఆరిపోతుంది, అంటే పతాక సన్నివేశం రాకముందే. సినిమా మొదలవ్వగానే కింద ఫ్యాన్లు ఆపించే బాధ్యత ఒకరికి ముందే అప్పజెప్పండి.

పాత బల్బు ప్రొజెక్టరైతే కరెంటు పోగానే ఫ్యాను ఆగి, వేడి లోపలే ఉండిపోయి బల్బు ఆయుష్షు తగ్గుతుంది. కంప్యూటరుకు వాడే చిన్న యూపీఎస్ ఒకటి దానికి కలిపితే చల్లారే రెండు నిమిషాలూ దక్కుతాయి. ఎల్‌ఈడీ ప్రొజెక్టరుకు ఈ బెంగ పెద్దగా లేదు.

తెలుగు మాట్లాడి ఒడియా చదివే పిల్లలకు

ఏ మార్గదర్శినిలోనూ లేని చిక్కు ఇది, ఇక్కడి ఇళ్లలో మాత్రం మొదటిది ఇదే. మామ్మ దగ్గర తెలుగు గడగడా మాట్లాడే గుంటలకు బడిలో ఒడియా తప్ప తెలుగు అక్షరం రాదు. వర్తమానం భాగం వాళ్లకు ఇబ్బంది లేదు. 1526లో కొలువు భాష మొదలవ్వగానే ‘ఏమన్నాడు, ఏమన్నాడు’ అని పక్కవాళ్లను పొడుస్తారు. ఆ భాగానికి మాత్రం సబ్‌టైటిళ్లు చేసుకోవాలి. సినిమా మొత్తానికి చేస్తే కళ్లు అడుగునే ఉండిపోతాయి, పైన బొమ్మ ఎవరూ చూడరు.

ఒడియాలోకి అనువదించాలా, తెలుగు మాటనే ఒడియా లిపిలో రాయాలా? రెండోదే మంచిది. చెవిన పడిన మాటే కంట పడితే మాట నిలుస్తుంది. అర్థం కాని చోట మాత్రం పక్కనే తేలిక తెలుగు మాట పెట్టాలి. ఇక్కడో విచిత్రం: పెద్దవాళ్లు కష్టమనుకునే సంస్కృతం మాటలు ఈ పిల్లలకు నల్లేరు మీద బండి. అంతఃపురం, పారితోషికం, సింహాసనం ఒడియాలోనూ ఉన్నవే. అడ్డం పడేవి అచ్చతెలుగు మాటలు. ఏలిక, వేగు, కొలువు, ఆన. అర్థం రాయాల్సింది వాటికి.

చేసే పద్ధతి: సబ్‌టైటిల్ ఎడిట్ అనే ఉచిత సాఫ్ట్‌వేరులో సినిమా తెరిచి, మాట మొదలైన చోట, ముగిసిన చోట గుర్తు పెట్టి తెలుగులోనే టైపు చెయ్యండి. వరుసకు 35 అక్షరాలు, రెండు వరుసలు మించొద్దు. ఒక్కోటీ సెకను కంటే తక్కువా, ఆరు సెకన్ల కంటే ఎక్కువా ఉండకూడదు. పూర్తయ్యాక అక్షరముఖ అనే లిపి మార్పిడి పనిముట్టులో వేస్తే ఒడియా లిపిలోకి మారుతుంది. మారాక రెండు లోపాలు కనిపిస్తాయి. ఒడియాలో ఎ, ఏలకు ఒకటే అక్షరం, ఒ, ఓలకు ఒకటే. తెర, తేర రెండూ ఒకలాగే ఉంటాయి. దీన్ని సరిచెయ్యడానికి దారి లేదు, అక్కర కూడా లేదు, చెవి సరిచేస్తుంది. రెండోది, ఒడియా చదివే పిల్లలు తలకట్టును కాస్త ‘ఒ’ వైపు పలుకుతారు. ‘కల’ అని రాస్తే ‘కొలొ’ అని చదువుతారు. అందుకని దీర్ఘం పెట్టి ‘కాలా’ చేశారనుకోండి, అర్థమే మారిపోతుంది. అలాగే వదిలెయ్యండి. పది వరుసలు చూసేసరికి వాళ్లే పట్టేసుకుంటారు.

ఫైలును యూటీఎఫ్-8లో దాచాలి, లేకపోతే అక్షరాల బదులు చెత్త వస్తుంది. పెన్‌డ్రైవులో వేసి టీవీకి పెడితే చాలా టీవీలు ఒడియా అక్షరాల చోట డబ్బాలు చూపిస్తాయి, వాటిలో ఆ ఫాంటు ఉండదు. లాప్‌టాప్‌లో నోటో సాన్స్ ఒరియా ఫాంటు వేసుకోండి (రాష్ట్రం పేరు మారి ఇన్నేళ్లయినా ఫాంటు పేరు పాతదే). ఆ తర్వాత హ్యాండ్‌బ్రేక్‌లో సబ్‌టైటిల్ ఫైలు చేర్చి ‘బర్న్ ఇన్’ టిక్కు పెడితే అక్షరాలు బొమ్మలోనే అచ్చు పడిపోతాయి, ఇక ఏ టీవీ అయినా చూపిస్తుంది. ముందు ఐదు నిమిషాల ముక్క చేసి ఒత్తులు సరిగ్గా వచ్చాయో లేదో ఒడియా చదివే పిల్లవాడి చేతే చూపించండి. మొత్తం చేశాక చూస్తే రెండు గంటల పని మళ్లీ మొదటికొస్తుంది.

ఎవరో చేసిన సబ్‌టైటిళ్లు తెచ్చుకుంటే తరచు వచ్చే జబ్బు, అక్షరాలు మాటతో కలవకుండా ముందుకో వెనక్కో జరిగిపోవడం. మొదట్నుంచీ ఒకే తేడాతో ఉంటే వీఎల్‌సీలో ‘జి’, ‘హెచ్’ మీటలతో సరిపోతుంది. మొదట్లో సరిగ్గా ఉండి పది నిమిషాలకల్లా అరనిమిషం దాకా ముందే వచ్చేస్తుంటే, అది పైన చెప్పిన 25, 24 గొడవే. 25 ఫ్రేముల కాపీకి చేసిన ఫైలు 24 ఫ్రేముల కాపీ మీద పది నిమిషాలకు 25 సెకన్లు ముందుంటుంది. సబ్‌టైటిల్ ఎడిట్‌లో ఫ్రేమ్ రేటు 25 నుంచి 24కు మార్చండి. జి, హెచ్ నొక్కుతూ కూర్చుంటే రాత్రంతా అదే పని.

పిల్లలు వేసే ప్రశ్నలు

రాయలు తెర మీదికి రాగానే ఒడియా బడి పిల్లలు అడిగేది ఒకటే: ‘మన ప్రతాపరుద్రదేవుడితో యుద్ధం చేసింది ఈయనేనా?’ అవును. 1497 నుంచి 1540 దాకా ఏలిన గజపతి ప్రతాపరుద్రుడి మీదికే కృష్ణదేవరాయలు దండెత్తాడు. 1514లో ఉదయగిరి, 1515లో కొండవీడు పట్టుకున్నాడు. అక్కడి నుంచి కళింగం దాకా వచ్చాడు, సింహాచలం గుడిలో ఆయన శాసనాలు ఇప్పటికీ ఉన్నాయి. చివరకు సంధి కుదిరి, గజపతి కూతురిని పెళ్లాడి, కృష్ణకు ఉత్తరాన గెలిచింది తిరిగి ఇచ్చేశాడు. సినిమాలో యంత్రం దిగేది 1526లో కాబట్టి ఆ యుద్ధమంతా అప్పటికే ముగిసింది. ఇంట్లో ఒకరు రాయల పక్షం, ఇంకొకరు గజపతి పక్షం చేరి వాదించుకుంటే విశ్రాంతి సమయం సరిపోదు. ఈ ముక్క ముందురోజే చెప్పి ఉంచండి.

రెండో ప్రశ్న యంత్రం గురించి. కాంతి వేగంలో నూటికి 80 వంతుల వేగంతో వెళ్లే ఓడలో మూడేళ్లు గడిస్తే భూమ్మీద ఐదేళ్లు గడుస్తాయి. ఇది ఐన్‌స్టైన్ లెక్క, కాబట్టి ముందుకు వెళ్లడానికి శాస్త్రం ఒప్పుకుంటుంది. వెనక్కి 465 ఏళ్లు వెళ్లడానికి మాత్రం ఇంతవరకు దారి దొరకలేదు. హెచ్.జి. వెల్స్ 1895 నవలతో పేరుకెక్కిన కాలయంత్రం ఊహను మ్యూజియంలో వజ్రం దొంగతనానికి ముడిపెట్టడంలోనే సినిమా తెలివంతా ఉంది. చూసేటప్పుడు ఆ వజ్రం ఏ కాలంలో ఎవరి చేతిలో ఉందో పిల్లల్ని వేళ్ల మీద లెక్కపెట్టమనండి. కాలయంత్రం కథ వాళ్లకు అర్థమైందో లేదో అక్కడే తేలుతుంది.

ఆ రాత్రి

బహిరంగ స్థలంలో రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకరు కూడదని నియమం. డాబా మీది చిన్న స్పీకరైనా పక్కింటివాళ్ల నిద్ర పదికే మొదలవుతుంది. 141 నిమిషాలకు పావుగంట విశ్రాంతి కలిపితే రెండు గంటల 36 నిమిషాలు. కాబట్టి ఏడుంబావుకు మొదలుపెట్టాలి. జూన్‌లో పొద్దు ఆరున్నరకు వాలుతుంది, ఏడు దాటితేగానీ తెర మీద నలుపు నల్లగా కనపడదు, సరిగ్గా సరిపోతుంది. డిసెంబరులో ఆరింటికే మొదలుపెట్టొచ్చు, ఎనిమిదిన్నర దాటాక మంచుకు గుడ్డ చెమ్మెక్కి కిందికి జారుతుంది గనుక అదే మేలు కూడా.

మురీ (మరమరాల) మిక్చరు విశ్రాంతిలో పంచండి, సినిమా నడుస్తుండగా కాదు. ఆ కరకరల్లో మాటలు వినపడవు. నిమ్మరసం, ఆవనూనె అంటిన చేత్తో ఎవరో ఒకరు లాప్‌టాప్ ముట్టుకునే తీరతారు.

అయ్యాక ప్రొజెక్టరును వెంటనే పీకకుండా ఫ్యాను ఆగేదాకా ఉండనివ్వండి. తెర గుడ్డను మడతపెట్టొద్దు, అడుగు బొంగుకే చుట్టి గోడవారన పడుకోబెట్టండి. మడత గీత ఇస్త్రీకి కూడా పూర్తిగా పోదు, వచ్చేసారి ఆకాశం కనిపించే ప్రతి సీనులోనూ బయటపడుతుంది.